నీ ఎత్తు చెప్పు: గో యంత్రాలకు ఉమ్మడి మాట కుదిరిన వైనం

(యంత్రాలు ఆడిన ఆటలు – ధారావాహిక)

గత భాగంలో ఆల్బర్ట్ జోబ్రిస్ట్ 1968లో ఆడించిన తొలి గో ప్రోగ్రాము దగ్గర ఆగాం. ఈసారి ప్రశ్న వేరు. రెండు ప్రోగ్రాములు ఎదురెదురుగా కూర్చుంటే, ఒకటి వేసిన ఎత్తు రెండోదానికి ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి? ఆట గెలవడం ముందు ఇది చిల్లర పనిలా కనబడుతుంది. కానీ 2006 తర్వాత గో యంత్రాలకు వచ్చిన ఊపు వెనక ఈ చిల్లర పనిని శ్రద్ధగా చేసిపెట్టిన మనుషులున్నారు. మేటి ఆటగాణ్ణి ఓడించిన ఆల్ఫాగో ప్రోగ్రాము కథ చెప్పేవాళ్లు వాళ్ల పేర్లు ఎత్తరు. అందుకే ఈ భాగం వాళ్లకు.

కొత్తగా చేరిన పాఠకుల కోసం ఆట గురించి నాలుగు ముక్కలు. పులి-మేక ఆడినవాళ్లకు గో పలక పరాయిదిగా అనిపించదు. అక్కడిలాగే ఇక్కడా కాయ పెట్టేది గడిలో కాదు, గీతలు కలిసే చోట. అడ్డంగా 19, నిలువుగా 19 గీతలు, మొత్తం 361 కూడళ్లు. నల్లరాళ్ల పక్షం మొదలుపెడుతుంది. పెట్టిన రాయి కదలదు, చుట్టూ ఖాళీ లేకుండా ముట్టడిస్తే మాత్రం చచ్చి పలక దిగుతుంది. చివరికి ఎవరు ఎక్కువ జాగా కట్టుకున్నారన్నదే లెక్క. అయితే ఆట ముగిసిందని చదరంగంలో ‘కట్టు’ చెప్పినట్టు ఇక్కడ పలక చెప్పదు. ఇద్దరూ వరసగా ‘పాస్’ అనాలి. ఏ రాళ్లు బతికున్నాయో, ఏవి చచ్చాయో ఇద్దరూ ఒప్పుకోవాలి. ఈ ఒప్పుకోలు సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితోనే పేచీ.

గో ప్రోగ్రాముల పోటీలు 1980ల నడుమ మొదలయ్యాయి. 1984లో ఎకార్న్‌సాఫ్ట్ అనే బ్రిటిష్ కంపెనీ ఒక పోటీ పెట్టింది. ఆ ఏడాది నుంచే అమెరికాలో యూసెనిక్స్ అనే కంప్యూటరు సంఘం వాళ్లూ పెట్టారు. తర్వాత తైవాన్ పారిశ్రామికవేత్త ఇంగ్ చాంగ్-కి ఏటేటా ప్రపంచస్థాయి పోటీ నడిపించాడు. వృత్తి ఆటగాడి స్థాయి అందుకున్న ప్రోగ్రాముకు 4 కోట్ల తైవాన్ డాలర్ల బహుమతి ప్రకటించాడు. ఎవరూ గెలుచుకోలేదు, 2000తో ఆ గడువు తీరిపోయింది. గ్వాంగ్‌జౌలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన ప్రొఫెసర్ చెన్ జిషింగ్ రాసిన హ్యాండ్‌టాక్, బ్రిటన్ నుంచి మైకేల్ రైస్ తెచ్చిన గో4++, అమెరికాలో డేవిడ్ ఫాట్‌లండ్ రాసిన మెనీ ఫేసెస్ ఆఫ్ గో... 1990ల్లో ఈ రంగంలో పెద్ద పేర్లు ఇవి.

పోటీ హాల్లో జరిగేది ఇది. ప్రతి కంప్యూటరు ముందు ఒక మనిషి. తెర మీద తన ప్రోగ్రాము ఎత్తు కనబడగానే ఆ కూడలి చూసుకుని నిజమైన పలక మీద రాయి పెట్టాలి. ఎదుటివాడు ఆ రాయిని చూసి తన కంప్యూటరులో కొట్టుకోవాలి. మళ్లీ అటు నుంచి ఇటు. ఒక్క ఆటలో రెండు వందల పైచిలుకు ఎత్తులు సర్వసాధారణం. ఎక్కడో ఒకచోట పక్క గీత మీద వేలు పడితే రెండు యంత్రాల బుర్రల్లో రెండు వేర్వేరు పలకలు తయారవుతాయి. పైగా గడియారంలో మనిషి చెయ్యి ఆలస్యం కూడా యంత్రం ఖాతాలోకే పోతుంది.

ఏడాదికోసారి జరిగే పోటీకి ఇది సరిపెట్టుకోవచ్చు. అసలు కష్టం ఇంటి దగ్గర. ప్రోగ్రాములో ఒక చిన్న మార్పు చేశారనుకోండి. అది మేలు చేసిందో చెరుపు చేసిందో తేలాలంటే పాతదానితో కొత్తదాన్ని ఆడించాలి. నూరు ఆటల్లో కొత్తది 55 గెలిచిందని సంబరపడడానికి లేదు. సరిసమానులైన ఇద్దరు నూరు ఆటలాడినా యాదృచ్ఛికంగా అయిదు అటూ ఇటూ కావడం మామూలే. కొద్దిపాటి మెరుగుదల నిజమని తేల్చాలంటే వెయ్యి ఆటలైనా కావాలి. వెయ్యి ఆటలు చేత్తో కొట్టే మనిషి ఎక్కడ దొరుకుతాడు? కాబట్టి మనిషి మధ్యలోంచి తప్పుకోవాలి, యంత్రాలు నేరుగా మాట్లాడుకోవాలి.

ఆ దారిలో తొలి గట్టి అడుగు వేసినవాడు బ్రూస్ విల్కాక్స్. 1970ల్లో మిషిగన్‌లో వాల్టర్ రైట్‌మన్‌తో కలిసి గో ప్రోగ్రాము రాసిన మనిషి, తర్వాత నెమసిస్ అనే ప్రోగ్రాముతో పేరు తెచ్చుకున్నాడు. ఆయన రాసిందే గో మోడెమ్ ప్రోటోకాల్. దాని మెరుగుల్లో ఫాట్‌లండ్, ఆండర్స్ కీరుల్ఫ్ చేతులూ ఉన్నాయి. (కీరుల్ఫ్ పేరు ఈ ధారావాహికలో మళ్లీ వస్తుంది. ఆటల్ని దాచుకునే ఎస్‌జీఎఫ్ ఫైలు పద్ధతి ఆయనదే.) ఈ ప్రోటోకాల్‌లో రెండు కంప్యూటర్లను సీరియల్ తీగతో గానీ ఫోన్ లైను మీద మోడెమ్‌తో గానీ కలుపుతారు. వేగం 2400 బాడ్. ప్రతి సందేశమూ నాలుగంటే నాలుగు బైట్లు: ఒకటి ఆరంభానికి, ఒకటి తప్పుల్ని పట్టే మొత్తానికి, రెండు అసలు సంగతికి. కొత్త ఆట, ఎత్తు, వెనక్కి తీసుకోవడం, ప్రశ్న, జవాబు, సరే, కాదు... అంతా ఆ రెండు బైట్లలో ఇమిడేది.

ఇప్పటి కళ్లతో దీన్ని తక్కువ చేయడం అన్యాయం. ఆ రోజుల ఫోన్ లైనులో గరగర శబ్దం వస్తే ఒక అంకె మరో అంకె అయ్యేది. అందుకే తప్పులు పట్టే బైటు, చేరిందన్న రసీదు, మళ్లీ పంపడం, ఇవన్నీ అవసరమయ్యాయి. అయితే కొత్తగా గో ప్రోగ్రాము రాసే విద్యార్థి ఆట సంగతి ముట్టుకోకముందే ఈ బిట్ల పేచీలతో నెలలు గడపాల్సి వచ్చేది. అంతకంటే లోతైన లోపం ఇంకొకటుంది. ఈ పద్ధతిలో రెండు యంత్రాలూ సమానస్కంధులు, మధ్యలో పెద్దమనిషి లేడు. నీ ఎత్తు చెల్లదని ఒకటి, చెల్లుతుందని ఒకటి పట్టుబడితే తీర్పు చెప్పే చోటే లేదు.

ఎత్తును యంత్రానికి చేరవేయడం గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఇక్కడ మనవారొకరిని తలచుకోకుండా ముందుకు పోలేను. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి, ప్రపంచానికి రాజ్ రెడ్డి. గిండీలో ఇంజనీరింగు, ఆస్ట్రేలియాలో పై చదువు, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర డాక్టరేటు, 1969 నుంచి కార్నెగీ మెలన్. 1970ల మొదట్లో అక్కడ ఆయన బృందం హియర్సే-1 అనే వ్యవస్థ తయారుచేసింది. దాని పని, మనిషి నోటితో చెప్పిన చదరంగం ఎత్తును విని అర్థం చేసుకోవడం. వినికిడి ఒక్కదాని మీదే ఆధారపడితే ఆనాటి యంత్రానికి మాట పట్టుబడేది కాదు. కాబట్టి ఆయన వేసిన ఉపాయం, చదరంగం ప్రోగ్రామునే సాక్ష్యానికి పిలవడం. ఇప్పుడు పలక మీద ఏ ఎత్తులు సాధ్యం, వాటిలో ఏవి అర్థవంతం అన్న జాబితాను బట్టి విన్న శబ్దాన్ని సరిపోల్చుకునేది. సగం వినబడిన మాటకు ఆట పరిస్థితే మిగతా సగం అందించేది. వేర్వేరు రకాల తెలివిని ఒకే పనికి కూడగట్టే ఆ ఆలోచనే తర్వాత కృత్రిమ మేధలో పెద్ద దారి అయింది. 1994లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు తొలి ఛాన్సలర్ ఆయనే. అప్పట్లో దానికున్న మూడు ప్రాంగణాల్లో ఒకటి బాసరలో, గోదావరి ఒడ్డున జ్ఞాన సరస్వతి గుడి ఉన్న ఊళ్లో. ఆదిలాబాదు, కరీంనగర్ పల్లెల్లో పదో తరగతి పాసైన పిల్లలు నేరుగా ఆరేళ్ల చదువుకు వచ్చి చేరే చోటు. ఇక్కడివాళ్లందరికీ అది బాసర ట్రిపుల్ ఐటీ. యంత్రానికి చదరంగం ఎత్తు వినడం నేర్పినవాడే ఈ ప్రాంగణానికి పెద్దదిక్కుగా నిలిచాడన్నది నాకు గర్వంగా ఉంటుంది. ఆ పిల్లలకు ఈ చరిత్ర ఎందుకు దగ్గరిదో చివర్లో చూద్దాం.

రాజ్ రెడ్డి దారి మనిషి మాట నుంచి యంత్రానికి. గో లోకానికి కావాల్సింది యంత్రం నుంచి యంత్రానికి. అక్కడ ఊహించాల్సిన పని ఏమీ ఉండకూడదు.

ఆ పని చేసినవాడు స్వీడన్ మనిషి, గన్నార్ ఫార్నెబెక్. లిన్‌షోపింగ్ విశ్వవిద్యాలయంలో చిత్రాల విశ్లేషణ మీద పరిశోధన చేసేవాడు. వీడియోలో కదలికను లెక్కగట్టడానికి 2003లో ఆయన ప్రచురించిన పద్ధతి ఓపెన్‌సీవీ అనే కోడు సంకలనంలో ఆయన పేరు మీదే ఉంది. కెమెరా ప్రాజెక్టు చేసిన మన ఇంజనీరింగు పిల్లల్లో చాలామంది తెలియకుండానే ఆ పేరు టైపు చేసి ఉంటారు. ఆ పరిశోధనకు తోడు ఆయన చేసిన పని గ్నూ గో. 1989లో మాన్ లుంగ్ లీ మొదలుపెట్టిన ఈ స్వేచ్ఛా ప్రోగ్రామును 1990ల చివర్లో స్టాన్‌ఫర్డ్ గణితాచార్యుడు డేనియల్ బంప్, ఫార్నెబెక్, మరికొందరు చేపట్టి మళ్లీ నిలబెట్టారు.

వాళ్లకు ముందు కావలసింది పోటీ కాదు, పరీక్ష. ఫలానా ఆటలో ఫలానా చోట నల్లపక్షం ఏ ఎత్తు వేయాలి, సరైన జవాబు ఏది అని ప్రశ్నపత్రాల్లాంటి ఫైళ్లు రాసుకున్నారు. ప్రోగ్రాములో ఏ మార్పు చేసినా ఆ ప్రశ్నలన్నీ మళ్లీ అడిగి, నిన్న ఒప్పయినది ఈరోజు తప్పయిందా అని చూసేవాళ్లు. ప్రశ్న అడగడానికీ జవాబు అందుకోవడానికీ ఒక తేలిక మాట కావాలి. అలా పుట్టిందే గో టెక్స్ట్ ప్రోటోకాల్, పొట్టిగా జీటీపీ. 2001 నాటి గ్నూ గో 3.0తో వచ్చిన మొదటి రూపానికి విడిగా నిబంధనల పత్రం కూడా లేదు. ఆ ప్రోగ్రాము ఎలా చేస్తే అదే నిబంధన. 2002లో ఫార్నెబెక్ రెండో రూపానికి సక్రమమైన ముసాయిదా రాశాడు. అది ముసాయిదాగానే ఉండిపోయింది, లోకం దాన్నే ప్రమాణంగా తీసుకుంది.

ఆ సంభాషణ ఎంత తేలికో దగ్గరగా చూడండి. నడిపించేవాడు ‘బోర్డ్‌సైజ్ 19’ అని ఒక వరస పంపుతాడు. ప్రోగ్రాము ఒక సమానం గుర్తు పెట్టి, ఒక ఖాళీ వరస వదులుతుంది. అంటే సరే అని. ‘క్లియర్ బోర్డ్’, మళ్లీ సమానం గుర్తు. ‘కోమి 6.5’, అంటే రెండో వంతు ఆడే తెల్లపక్షానికి పరిహారంగా ఇచ్చే పాయింట్లు. ‘ప్లే బ్లాక్ క్యూ16’, నల్లరాయి ఇక్కడ పడింది, గుర్తుపెట్టుకో. ‘జెన్‌మూవ్ వైట్’, తెల్లపక్షాన నీ ఎత్తు చెప్పు. అప్పుడు ప్రోగ్రాము ఆలోచించి ‘= డి4’ అంటుంది. తప్పు జరిగితే సమానం గుర్తు బదులు ప్రశ్నార్థకం, పక్కన కారణం. ఓటమి ఒప్పుకోవడానికి ‘రిజైన్’, వంతు వదిలేయడానికి ‘పాస్’. నీకు ఏ ఆజ్ఞలు తెలుసు అని అడిగితే జాబితా ఇస్తుంది. మొదటి రూపంలో నల్లకూ తెల్లకూ వేర్వేరు ఆజ్ఞలుండేవి. రెండో రూపంలో వాటిని కలిపి రంగును పక్కన మాటగా చేర్చారు. నిలువు గీతలకు ఇంగ్లిషు అక్షరాలు పెట్టి, పొరపాటు పడకుండా ‘ఐ’ని వదిలేశారు. మిగిలినవి 25, కాబట్టి పలక కూడా 25 గీతలు దాటడానికి లేదు.

ఇందులో ఫార్నెబెక్ చేసిన గొప్ప నిర్ణయం అక్షరాలు వాడడం ఒక్కటే కాదు. ఆయన సమానత్వాన్ని తీసేశాడు. ఒకడు అడిగేవాడు, ఒకడు జవాబు చెప్పేవాడు. ప్రోగ్రాము తనంతట తాను నోరు తెరవదు. రెండు ప్రోగ్రాములు ఆడాలంటే రెండింటికీ పైన ఒక నడిపించేవాడుండి ఒకదాని జవాబు తీసుకుని రెండోదానికి ‘ప్లే’ అని అందిస్తాడు. గ్నూ గోతో పాటు వచ్చిన టూజీటీపీలాంటి చిన్న స్క్రిప్టు ఈ పెద్దరికమే చేసేది. ఎత్తు చెల్లుతుందా, సమయం మించిందా, ఎవరు గెలిచారు అన్న తీర్పులు అటు మళ్లాయి. చదరంగంలో 2000లో స్టెఫాన్ మేయర్-కాలెన్, రుడాల్ఫ్ హ్యూబర్ తెచ్చిన యూసీఐ కూడా నడిపించేవాడికే పెత్తనం ఇచ్చింది. కాకపోతే అక్కడ ప్రతిసారీ స్థితి అంతా మళ్లీ పంపుతారు, ఇక్కడ ప్రోగ్రాము పలకను గుర్తుంచుకుంటుంది.

ప్రమాణాలు కాగితం మీద బాగున్నంత మాత్రాన నిలవవు. దీని వ్యాప్తికి నా దృష్టిలో అసలు కారణం ఒక లైసెన్సు. గ్నూ గో మొత్తం జీపీఎల్ కింద ఉంటుంది. అందులోంచి తీసుకుని రాసిన ప్రోగ్రామును పంచినా అమ్మినా దాన్నీ బహిరంగపరచాలి. అమ్ముకునేవాళ్లకు అది కుదరదు. కానీ జీటీపీ మాటలు చదివే రెండు చిన్న ఫైళ్లకు మాత్రం ఆ షరతు తీసేశారు, ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని పైనే రాసిపెట్టారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మనుషులు తమ ఆటను కాపాడుకుంటూనే మాటను మాత్రం అందరికీ వదిలేశారు. పైగా ఎదుట ఆడడానికి గ్నూ గో ఎప్పుడూ ఉచితంగా సిద్ధం. కొత్త ప్రోగ్రాము రాసినవాడికి తొలి ప్రత్యర్థి అదే, కాబట్టి దాని మాట నేర్చుకోక తప్పదు.

తర్వాత విలియం షుబర్ట్ నడిపిన కేజీఎస్ సర్వరు కలిసింది. మనుషులు గో ఆడుకునే ఆ సర్వరులోకి జీటీపీ మాట్లాడే ఏ ప్రోగ్రామునైనా తీసుకెళ్లే చిన్న వంతెన ప్రోగ్రాము ఆయన ఇచ్చాడు. 2005 నుంచి నిక్ వెడ్ అక్కడ ప్రోగ్రాములకు పోటీలు నడిపాడు. విమాన టికెట్టు లేదు, హోటలు ఖర్చు లేదు. ఎవరింట్లో వాళ్లు కంప్యూటరు పెట్టుకుని పాల్గొనవచ్చు. ఏడాదికోసారి జరిగే తంతు దాదాపు నెలవారీ అలవాటైంది.

అక్కడే మొదట చెప్పిన పేచీ బయటపడింది. ఇద్దరూ పాస్ అన్నారు. మూలన ఉన్న ఆరు నల్లరాళ్లు చచ్చాయని తెల్ల ప్రోగ్రాము, బతికే ఉన్నాయని నల్ల ప్రోగ్రాము అన్నాయనుకోండి. మనుషులైతే ఒకరి ముఖం ఒకరు చూసుకుని తేల్చుకుంటారు. ఫార్నెబెక్ పత్రంలో చచ్చిన రాళ్ల జాబితా అడిగే ఆజ్ఞ ఉంది గానీ రెండు జాబితాలు కలవకపోతే దారి లేదు. షుబర్ట్ దీనికి ఒక కొత్త ఆజ్ఞ చేర్చాడు. ఒప్పందం కుదరకపోతే ఆట తిరిగి మొదలవుతుంది, ఈసారి ఎదుటివాడి చచ్చిన రాళ్లన్నీ నిజంగా పట్టి పలక దించేదాకా పాస్ అనకూడదు. అంటే చచ్చిందని వాదించడం కాదు, చంపి చూపించాలి. సమయం లెక్కలోనూ ఇలాంటి అతుకే పడింది. ఇన్ని నిమిషాల్లో ఇన్ని రాళ్లు పెట్టాలన్న కెనడా పద్ధతి జీటీపీలో ఉంది, ఒక్కో ఎత్తుకూ విడిగా గడువిచ్చే జపాను వాళ్ల బ్యోయోమి లేదు. దానికీ కేజీఎస్ సొంత ఆజ్ఞ చేర్చుకుంది.

డాన్ డేలీ వేరే దారి పట్టాడు. చదరంగం ప్రోగ్రాములు రాసి చేయి తిరిగిన ఈ అమెరికన్, ప్రోగ్రాముల కోసమే సీజీఓఎస్ అనే సర్వరు కట్టాడు. రాత్రీ పగలూ ఆటలే, ప్రతి ప్రోగ్రాముకూ రేటింగు. అక్కడ పేచీకే చోటు లేదు. జాన్ ట్రాంప్, బిల్ టేలర్ కుదించిన నియమాల ప్రకారం ముగింపులో పలక మీద ఉన్న రాళ్లన్నీ బతికున్నట్టే. చచ్చినవి ఉన్నాయంటే పాస్ అనకముందే పట్టుకో. మనుషుల ఆటలో ఇది విసుగు. యంత్రానికి విసుగు లేదు. ఈ రెండు పరిష్కారాల్లో నాకు డేలీది నచ్చుతుంది, తీర్పు చెప్పాల్సిన అవసరమే రాకుండా చేసింది కాబట్టి. ఆయన 2013లో కన్నుమూశాడు.

ఈ రంగం సిద్ధమైన సరైన సమయానికి 2006 వచ్చింది. రెమీ కులోమ్ రాసిన క్రేజీ స్టోన్ ఆ ఏడాది ట్యూరిన్ కంప్యూటర్ ఒలింపియాడ్‌లో 9 గీతల పలక మీద గెలిచింది. ఫ్రాన్సులోనే సిల్వైన్ జెలీ, యిజావ్ వాంగ్ మోగో తెచ్చారు. వేలకొద్దీ యాదృచ్ఛిక ఆటలు ఆడి ఎత్తు ఎంచుకునే ఆ పద్ధతిని తర్కంతో నిరూపించి మెరుగుపరచడం కష్టం. ఆడించి చూడాలి, వేలసార్లు ఆడించి చూడాలి. ఆ ఆడించే చట్రం అప్పటికే చేతిలో ఉంది. టూజీటీపీ, కేజీఎస్, సీజీఓఎస్ లేకుండా ఆ కొద్ది సంవత్సరాల్లో అంత వేగంగా మెరుగులు తేలేవి కావని నా నమ్మకం.

2016 మార్చిలో సియోల్‌లో కొరియా మేటి ఆటగాడు లీ సెడోల్ ఎదుట కూర్చున్నది మాత్రం మళ్లీ మనిషే. ఆల్ఫాగో ఎత్తును తెర మీద చూసి రాయి పెట్టిన ఆ చెయ్యి అజా హువాంగ్‌ది. ఆయన స్వయంగా 2010 కంప్యూటర్ ఒలింపియాడ్‌లో గెలిచిన ఎరికా రచయిత. మనిషితో ఆడేటప్పుడు ఆ మర్యాద తప్పదు. 4–1తో ఆల్ఫాగో గెలిచింది.

2017లో జాన్-కార్లో పాస్కుటో మొదలుపెట్టిన లీలా జీరో, 2019లో డేవిడ్ వూ విడుదల చేసిన కటాగో, రెండూ ఉచితం. కటాగో ఏ మనిషికీ అందని స్థాయిలో ఆడుతుంది. దాన్ని తెరిచి ‘జెన్‌మూవ్ బ్లాక్’ అని టైపు చేస్తే 2002 నాటి ముసాయిదా చెప్పినట్టే సమానం గుర్తుతో జవాబిస్తుంది. బాసర హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ ఉన్న ఏ విద్యార్థి అయినా ఇవాళ సాయంత్రమే ఈ పని చేయవచ్చు. పదిహేను ఇరవై ఆజ్ఞలు చదివే చిన్న ప్రోగ్రాము రాస్తే చాలు, వాళ్లు కట్టుకున్న బుజ్జి ఆటగాడు గ్నూ గోతో తలపడతాడు, ఓడతాడు, మళ్లీ తలపడతాడు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏ దేశం పోటీకీ ప్రయాణం అక్కర్లేదు.

పాత ముసాయిదాలో ఒక ఖాళీ మాత్రం ఉంది. ఏ నియమాల ప్రకారం ఆడుతున్నాం అని ప్రోగ్రాముకు చెప్పే ఆజ్ఞ అందులో లేదు. చైనా లెక్కలో జాగాతో పాటు బతికిన రాళ్లూ లెక్కకొస్తాయి. జపాను లెక్కలో జాగా, పట్టిన రాళ్లు మాత్రమే. దగ్గరి ఆటల్లో ఈ తేడా ఒక్క పాయింటుతో గెలుపును ఓటమి చేయగలదు. అందుకే కటాగో తనకోసం నియమాలు చెప్పే సొంత ఆజ్ఞ చేర్చుకుంది. ‘జపనీస్’ అనో ‘చైనీస్’ అనో ‘ట్రాంప్-టేలర్’ అనో చెబితే దాని ప్రకారం ఆడుతుంది. ఆ ఆజ్ఞ తెలియని ప్రోగ్రాముతో దానికి ఆట పెడితే, ఏ లెక్క పాటించాలో నిర్వాహకుడే ముందుగా రెండు పక్షాల మనుషులకూ చెప్పుకోవాలి.

(వచ్చే భాగం: పాచికలు వేసి ఎత్తు ఎంచుకున్న క్రేజీ స్టోన్)